తోటకు రెక్కల కావలి

కూరతోటకు పురుగు పట్టినచో రెండే మార్గములున్నవని చాలమంది తలంతురు. మందు చల్లుట ఒకటి, పురుగు తినగా మిగిలినదానితో తృప్తిపడుట మరొకటి. పాఠశాలల ఆవరణలలో కూరగాయలు పండించి మధ్యాహ్న భోజనమునకు వాడుకొనవలెనని కేంద్ర ప్రభుత్వము 2019లో మార్గదర్శక సూత్రములు వెలువరించినది. నాటినుండి ఇది రైతు ప్రశ్న మాత్రమే కాదు, ఉపాధ్యాయుని ప్రశ్న కూడ అయినది. పిల్లవాని కంచములోనికి రానున్న వంకాయపై ఏమి చల్లవచ్చును?

2013 జూలైలో బీహారు రాష్ట్రములోని సారణ్ జిల్లాలో ఒక గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నదని పరీక్షలలో తేలినది. ఆ విషము తోటలో చల్లినది కాదు, నిజమే. అయినను పిల్లలు తిను చోటికి విషపు డబ్బా చేరరాదను సంగతిని ఆ దుర్ఘటన మరువరాని రీతిగా చాటినది. మందు వద్దనుకొన్న పాఠశాల వేరొక ఉపాయమును వెదకుకొనవలెను. అట్టి ఉపాయములలో గిన్నికోడిని పెంచుట ఒకటి.

ఈ పక్షికి జన్మభూమి ఆఫ్రికా. సహారా ఎడారికి దక్షిణముననున్న గడ్డినేలలలో గుంపులు గుంపులుగా తిరుగుచు, పురుగులను, గింజలను ఏరుకొని తిని బ్రతుకును. దాని బూడిదవన్నె ఈకలపై తెల్లని చుక్కలుండును. మెలియాగరు అను వీరుడు మరణించినపుడు అతని అక్కచెల్లెండ్రు ఏడ్చి ఏడ్చి ఈ పక్షులైరనియు, ఆ చుక్కలు వారి కన్నీటి బొట్లేయనియు గ్రీకులు కథ చెప్పుకొనిరి. ఉత్తర ప్రదేశములోని ఇజ్జత్‌నగరులో గల కేంద్ర పక్షి పరిశోధన సంస్థవారు తాము వృద్ధిచేసిన గిన్నికోడి రకములకు కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అని పేర్లు పెట్టిరి. బాణభట్టు కావ్యములో కథ చెప్పినది చిలుక. ఆ కావ్యనామము నేడు మరొక పక్షికి దక్కినది.

నాటుకోడి తోటలో దిగినచో కాళ్లతో మన్ను చిమ్మి పాదులను పెళ్లగించును. గిన్నికోడి అంతగా గీకదు; ముక్కుతో పైపైన ఏరుకొనుచు, గుంపుగా ముందుకు సాగిపోవును. మిడుతలు, పెంకుపురుగులు, గొంగళ్లు, చెదలు, నత్తలు, కలుపుగింజలు దానికి ఆహారము. కుక్క గాని, పాము గాని, క్రొత్త మనిషి గాని కనబడినచో గుంపంతయు ఒక్కమారుగా అరచును. ఆడుమగల తేడా రూపమున తెలియుట కష్టము గాని, కూతలో తెలియును: రెండక్షరముల కూత పెట్టునది పెట్ట, పుంజుకు ఆ కూత లేదు. చెవియొగ్గి వినుట నేర్చిన విద్యార్థికి ఇది చక్కని పరీక్ష.

అయితే దాని శక్తికొక హద్దున్నది. అమెరికాలో లాంగ్ ఐలండునందు జరిగి 1992లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, ఈ పక్షులు తిరుగు పచ్చికలపై ఎదిగిన గోమారులు తక్కువగా కనబడినవి. కాని చిన్నదశలోనున్న గోమారులు తగ్గలేదని అటుపిమ్మటి పరిశీలనలలో తేలినది. కంటికి కనబడి ముక్కుకు అందినదే దానికి ఎర. కూరతోటలోను ఇంతే. ఆకుపై ప్రాకు గొంగళి దానికి దొరకును. వంకాయను తొలిచి లోపల కూర్చున్న పురుగు దొరకదు. పేనుబంకను, తెల్లదోమను అది వదలగొట్టలేదు. పుచ్చిన కాయలను, వాడిన కొమ్మలను కోసి తీసివేయు పని మనుష్యుడే చేయవలెను.

మరియు ఈ కావలి కంచె చేను మేసినట్లు కాకుండ చూచుకొనవలెను. లేతమొలకలు దానికి ఇష్టము. పొడినేల కనబడినచో మడిలోనే ధూళిస్నానము చేయును. పండిన టమాటాను పొడుచును. బీర, దోస, గుమ్మడి పాదులు కాయుటకు తేనెటీగ కావలెను. అది మిత్రమనియు, మిడుత శత్రువనియు ఈ పక్షి ఎరుగదు. కాబట్టి దాని చోటు తోట నడుమ కాదు, తోట చుట్టును. మొక్కలు జానెడు దాటి ఎదిగిన పిదప దినమునకు ఒక గంట లోనికి విడిచి, మిగిలిన కాలమంతయు కంచె వెలుపల తిరుగనీయవలెను. ఎగురగల పక్షి గనుక ఒక రెక్క చివరి ఈకలు కత్తిరించుట అవసరమగును. కోతకు వచ్చిన ఆకుకూరల మడిలో రెట్ట పడరాదు. పక్షులను ముట్టిన పిల్లలు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ సోకి కోళ్లు పెద్దసంఖ్యలో చనిపోయిన సంగతి తెలిసినవారికి ఈ జాగ్రత్త అతిశయమనిపింపదు.

క్రొత్తగా తెచ్చిన పక్షులను కొన్ని వారములు గూటిలోనే ఉంచినగాని అవి ఆ చోటును ఇల్లుగా ఎరుగవు; ముందే విడిచినచో దారి తప్పిపోవును. పెట్ట పొదలలో దాచి గ్రుడ్లు పెట్టును. అవి పొదుగుటకు 26 నుండి 28 దినములు పట్టును. కోడిగ్రుడ్డుకు చాలునవి 21 దినములే. తల్లి తడిగడ్డిలో త్రిప్పగా పిల్లలు చలికి చచ్చుట కలదు గనుక, గ్రుడ్లను నాటుకోడి క్రింద పొదిగించుట మంచిది.

అన్నిటికంటె పెద్ద ప్రశ్న సెలవులది. దసరాకు, సంక్రాంతికి, వేసవికి పాఠశాల మూతపడును; ఆకలి మూతపడదు. సాయంకాలము గూటి తలుపు వేయనిచో నక్కయో, పిల్లియో, కుక్కయో వచ్చును. ఆ తలుపు ఎవరు వేయుదురో, వేసవిలో నీరు ఎవరు పోయుదురో ముందుగా పేరు పెట్టి చెప్పలేని పాఠశాల గిన్నికోళ్లను తేకుండుటయే మేలు. పాఠము వేళ వాని అరపులు సహింపలేనివారును, ఇరుగుపొరుగు నిద్ర చెడునను భయము గలవారును తేరాదు. తోట లాభమునకై ఒక ప్రాణిని తెచ్చి, పని తీరినవెంటనే మరచుట పిల్లలకు నేర్పదగిన పాఠము కాదు.

ఈ బాధ్యతకు ఒప్పుకొన్న పాఠశాలకు మాత్రము అయిదారు పక్షులు చాలును. ఏ పురుగు తగ్గినది, ఏది తగ్గలేదు, ఏ మడికి నష్టము కలిగినది అని విద్యార్థులు వారమువారము వ్రాసి ఉంచవలెను. ఒక సంవత్సరము గడచునప్పటికి ఆ నోటుపుస్తకము ఆ ఊరి రైతులకు సైతము పనికివచ్చును. పక్షి తినలేని పురుగును చేతితో ఏరుటకు పిల్లలు సిద్ధపడినపుడు ఆ తోటలో మందుడబ్బాకు చోటుండదు.