మూసీ తోటలు ఎక్కడ మొదలుకావలెను?

హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముదుసలి చింతచెట్టు గలదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెత్తిననాడు ఆ కొమ్మలనెక్కి నూటయేబది మందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు క్రింద ఏటేట చేరి మృతులకు నివాళి యర్పించువారు ఇప్పటికిని గలరు. అది మెచ్చదగిన పనియే. అయితే ఆ వరద ఎక్కడ బయలుదేరినదో, ఏ త్రోవను వచ్చినదో విచారించువారు మాత్రము అరుదు.

ఆనాడు విచారించినవారు ఒకరుండిరి. నిజాం ప్రభుత్వము పిలువగా 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరములో ఒడ్డు గోడలు కట్టించుటతో తమ పని తీరినదనుకొనలేదు. ఎగువనున్న పరీవాహక ప్రాంతమునంతయు పరిశీలించి, అందులో 788 చెరువులు గలవనియు, వానిలో రెండు వందలకు పైగా తెగిపోయినవనియు లెక్క తేల్చిరి. చదరపు మైలునకు ఇంచుమించు ఒక చెరువన్నమాట! పై చెరువు తెగిన దాని నీరు క్రింది చెరువుపై బడును. ఆ రెండును కలిసి మూడవదానిని తెంచును. గొలుసు చెరువుల మంచియు చెడ్డయు ఇందే యున్నవి. ఆయన సూచన ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తి యైనవి. నగరములో నది యొడ్డున ఉద్యానవనములు, విశాలమైన బాటలు ఉండవలెననియు ఆయనయే చెప్పిరి. తోటయు జలాశయమును ఆయనకు ఒకే పథకములోని భాగములు. తరువాతి వారు తోటను జ్ఞాపకముంచుకొని చెరువులను మరచిరి.

మూసీతీర వికాసమునకై 2017లో ఒక ప్రభుత్వ సంస్థ యేర్పడినది. నగర పరిధిలోని 55 కిలోమీటర్ల పొడవున నడకబాటలు, సైకిలుబాటలు, పచ్చిక బయళ్ళు వేయుట నాటినుండి వినవచ్చుచున్న సంకల్పము. కాదనదగినది కాదు. కాని అనంతగిరి కొండలలో పుట్టి వాడపల్లి యొద్ద కృష్ణలో కలియు నది పొడవు సుమారు 240 కిలోమీటర్లు. తక్కిన నదిని, దానికి నీరిచ్చు వాగులను విడిచి ఈ 55 కిలోమీటర్లకు మాత్రము పచ్చరంగు పూయుట, వేరులకు నీరు పోయక ఆకులు కడుగుట వంటిది.

ఎగువ భూమిని కాపాడు ప్రయత్నము జరుగకపోలేదు. 1996లో వెలువడిన 111వ ప్రభుత్వ ఉత్తర్వు జంట జలాశయముల పూర్తి నీటిమట్టమునుండి 10 కిలోమీటర్ల లోపల, 84 గ్రామములలో, కర్మాగారములను, పెద్ద కట్టడములను నిషేధించెను. ఈ ప్రాంతమున కర్మాగారము పెట్టదలచిన ఒక వ్యాజ్యములో, హాని జరుగదని నిరూపించు భారము పెట్టువానిదేయని 1999లో సుప్రీంకోర్టు చెప్పెను. అయినను 2022 ఏప్రిల్‌లో 69వ ఉత్తర్వు ఆ యాంక్షలను తొలగించెను. కృష్ణా గోదావరుల నీరు నగరమునకు వచ్చుచున్నది గావున ఈ జలాశయములపై ఆధారపడ నక్కరలేదన్నది చెప్పిన కారణము. వరద నాపుటకు కట్టినవానిని త్రాగునీటి కొలతతో తూచుట విచిత్రమైన న్యాయము. 2020 అక్టోబరులో నగరమును ముంచిన నీటిలో తెగిన చెరువుల నీరును గలదు. 1908నాటి పాఠమే అది.

అయితే ఆ 84 గ్రామముల రైతుల మాట త్రోసిపుచ్చరాదు. పొరుగూరి భూమి కోట్లు పలుకుచుండగా తమ భూమికి బేరము లేకపోయె నన్నది వారి బాధ. ఆ యాంక్షల నడుమనే ధనవంతుల ఫామ్‌హౌసులు లేచుట వారు కన్నులార చూచిరి. నగరము క్షేమమునకు పల్లె మూల్యము చెల్లింపవలెననుట ధర్మము కాదు. న్యూయార్కు నగరము ఈ చిక్కును వేరు విధముగ విప్పుకొన్నది. దాదాపు 200 కిలోమీటర్ల దూరముననున్న కొండప్రాంతములనుండి దానికి నీరు వచ్చును. వడపోత కేంద్రమునకు వందల కోట్ల డాలర్లు పోయుటకు మారుగా, 1997 ఒడంబడిక ప్రకారము అమ్మదలచినవారి యొద్దనే భూమిని కొనసాగెను. అమ్మనొల్లని రైతు సేద్యము చేసికొనుచునే, ఇండ్లస్థలములుగా మార్చు హక్కును మాత్రము వదలుకొని దానికి వెల పుచ్చుకొనవచ్చును. కొన్న భూములలో అనేకము ప్రజలు నడచుటకును, చేపలు పట్టుటకును తెరచియున్నవి. ఇక్కడ ఉత్తర్వు నిచ్చిరి గాని వెల నియ్యలేదు. వెలలేని కట్టుబాటు పాతికేండ్లే నిలిచెను.

మరి బాట యెక్కడ వేయవలెను? అనంతగిరి పాదమునుండి, వాగు వెంట, చెరువుకట్టల మీదుగా. కొత్తగా సేకరింపవలసిన భూమి కొంచెమే. కట్టకాలువలు, శిఖము భూములు, వాగు పోరంబోకులు, పాత బండ్లబాటలు రెవెన్యూ నక్షలలో గీసియే యున్నవి. మూసీ అనంతగిరిలో పుట్టునని పాఠము చదివి పరీక్ష వ్రాసిన విద్యార్థి, ఒక చెరువు మత్తడి దూకిన నీరు క్రింది చెరువును చేరు త్రోవను ఒక్కమారైన నడచి చూచినచో, భూగోళశాస్త్ర మతనికి వేరుగా చెప్ప నక్కరలేదు. నలుగురు నడచు కట్టను నలుగురు చూచుచుందురు. రాత్రికి రాత్రి మట్టి పోసి పూడ్చుట అంత సులభము కాదు.

పూలమొక్కలకు ముందు కావలసినవి హద్దురాళ్ళు. ప్రతి కట్టకాలువకు ఇరుప్రక్కల వానిని పాతించుట వేసవిలోనే జరుగవలెను. వానలు పడిన పిమ్మట కాలువ యెక్కడనో నీరే చూపును గాని, అప్పటికది ఎవరి యింటిలోనికో చేరియుండును.