వాతావరణ పాఠంలో ఇంటి పట్టా కూడా ఉండాలి

పర్యావరణ విద్య తప్పనిసరి అని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. కానీ ఎక్కడో మంచు కరుగుతోందని బళ్లో చదివిన యానాది పిల్లకి, తన కాలనీ ఎందుకు మునుగుతోందో చెప్పేవాళ్లు ఏరి? బళ్లోనే లేకుండా, అమ్మానాన్నలతో రొయ్యల గుంటల మీద కాపలా ఉన్న పిల్లల సంగతేంటి?

2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతూ నెల్లూరునీ ముంచింది. ఇలాంటప్పుడు ముందు మునిగేది కాలవ గట్ల మీద, పోరంబోకుల్లో వేసుకున్న మన గుడిసెలే. ఇది మన తలరాత కాదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అందుకే కురిస్తే కుండపోత. ఆ వేడి బొగ్గు, పెట్రోలు కాల్చడం వల్ల వచ్చింది. నేలటూరులో 2400 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం మన కళ్ల ముందే ఉంది. ఆ కరెంటు ఎవరు ఎక్కువ వాడుతున్నారు? నష్టం ఎవరి గుడిసెకి? మన పిల్లలకి మొదటి పాఠం ఇదే కావాలి.

"మా పెద్దోళ్లకి అన్నీ తెలుసు, కొత్తగా నేర్చుకునేదేముంది?" అంటారు కొందరు. నిజమే, పోటూ పాటూ, చేపా పీతా వాళ్లకి తెలిసినంత ఎవరికి తెలుసు? కానీ ఆరెంజ్ అలర్ట్‌కీ రెడ్ అలర్ట్‌కీ తేడా ఏంటో వాళ్లకి ఎవరన్నా చెప్పారా? రెండు తెలివిడులూ కలిస్తేనే ప్రాణం దక్కుతుంది.

ప్రాణం ఒక్కటే చాలదు. తుఫాను షెల్టర్ నుంచి తిరిగొచ్చి అదే గట్టు మీద మళ్లీ గుడిసె వేసుకుంటే పాఠం ఏం లాభం? ఆధార్ లేక, కుల సర్టిఫికెట్ లేక, పట్టా లేక పరిహారం జాబితాలో పేరే ఎక్కదు. అందుకే మిట్ట మీద ఇంటి స్థలం అడగడం, అర్జీ రాయడం కూడా వాతావరణ చదువే. పులికాట్‌కి 1000 మీటర్ల లోపు రొయ్యల గుంటలు వద్దని 1996లో, వాతావరణ మార్పు కీడు నుంచి రక్షణ పౌరుల హక్కని 2024లో సుప్రీంకోర్టే చెప్పింది. ఈ రెండు తీర్పులూ ప్రతి కాలనీలో తెలియాలి.

నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ ఉంది. ఇంటర్, డిగ్రీ చదివిన మన పిల్లలకి శిక్షణా జీతమూ ఇచ్చి, సాయంత్రం పూట కాలనీల్లోనే, మన మాటల్లోనే ఈ పాఠం చెప్పించమని అడుగుదాం. వచ్చే తుఫానులోపే అడుగుదాం.

జై ఆదివాసీ!