గృహవైద్యము: పడిసెమునకు కషాయము



మార్గశిరపు చలితో నింటింటను పడిసెము, దగ్గు ప్రవేశించును. శొంఠి, పిప్పళ్లు, మిరియములు కలిసిన త్రికటుకమును మన వైద్యశాస్త్రము మెచ్చినది. పిప్పళ్లు దొరకకున్నను లోపము లేదు. చిన్న శొంఠికొమ్మును నలుగగొట్టి, 6 మిరియములు, 10 తులసియాకులతో 2 గ్లాసుల నీట వేసి, సగమగువఱకు సన్నసెగపై కాచి వడగట్టి, బెల్లము కలిపి గోరువెచ్చగా త్రాగవలెను. గొంతు హాయిపడును. పడిసెము మాత్రము తన దినములు తాను గడపియే పోవును.

ఈ కషాయము పెద్దలకే. దగ్గునకు తేనె మంచిదే కాని, ఏడాది నిండని బిడ్డకు నాలుకపై రాయుటయు కూడదు. అందుండగల సూక్ష్మజీవుల బీజములు పసిప్రేవులలో మొలచి, కండరములను చచ్చుపఱచు విషమును పుట్టింపగలవు. ఇంట కాచినంతమాత్రమున నవి చావవు. “మేమందఱకు నాకింపలేదా?” యని యత్తగారు అడుగుదురు. ఎదురాడక, తేనెసీసాను పైయలమరలోనికి మార్చుడు!

పిల్లలకు మరుగునీటి యావిరి పట్టింపకుడు. గిన్నె యొరిగిన నొడలు కాలును. బిడ్డ డొక్కలెగురవేయుచున్నను, పాలు మానినను, పొయ్యిమీది కషాయమునకై నిలువక వెంటనే వైద్యునియొద్దకు గొనిపోవలెను.