శనివారం ఉగాది

మన సంఘం క్యాలెండర్ ఒకసారి చూడండి. పంచాంగంలో ఉగాది ఏ వారం వచ్చినా మనకి మాత్రం శనివారమే వస్తుంది. దీపావళి అమావాస్య నాడు రాకపోయినా, స్కూలు ఆడిటోరియం దొరికిన నాడు వచ్చి తీరుతుంది. ఇందులో కార్యవర్గం వారి తప్పేమీ లేదు. హాలు, భోజనాలు, పిల్లల నాటకం, గంటసేపు కారు నడుపుకుంటూ వచ్చే కుటుంబాలు, ఇవన్నీ కలిసొచ్చేది శనివారమే. నా ప్రశ్న వేరు. ఆ సభ సంగతి సరే, అసలు పండుగ రోజున మన ఇళ్ళల్లో ఏం జరుగుతోంది? "వర్కింగ్ డే కదండీ, టైమెక్కడిది?" అనే జవాబు మనందరికీ కంఠతా వచ్చు.

ఉద్యోగం, దైవభక్తి, సరదాలు, ప్రయాణాలు. ఈ నాలుగింటినీ ఎలా సర్దుకురావాలన్న ప్రశ్నకి నాకు మంచి జవాబులు బేస్‌బాల్‌లో దొరికాయి. నవ్వకండి. గల్లీ క్రికెట్‌తో పెరిగిన నాకు ఈ ఆట మా అబ్బాయి వల్ల అలవాటయింది. మొదట్లో వాడికి తోడుగా కూర్చునేవాణ్ణి, ఇప్పుడు నాకు వాడు తోడు. ఆట చూస్తూ చూస్తూ ఆడేవాళ్ళ జీవితాల గురించి చదవడం మొదలుపెట్టాను.

మన పంచాంగంతో చూస్తే బేస్‌బాల్ సీజన్ ఉగాది రోజుల్లో మొదలై, వరల్డ్ సిరీస్‌తో కలిపి దసరా దీపావళుల దాకా సాగుతుంది. ఆరు నెలల్లో ఒక్కో టీం 162 ఆటలు ఆడాలి. అందులో సగం, అంటే 81, పరాయి ఊళ్ళలోనే. రాత్రి ఆట ముగించి విమానం ఎక్కితే తెల్లవారుజామున ఇంకో ఊరు, సాయంత్రం మళ్ళీ ఆట. సోమవారం పొద్దున్నే సూట్‌కేసు పట్టుకుని బయల్దేరి గురువారం రాత్రికి ఇల్లు చేరే మన కన్సల్టెంట్ మిత్రులకి ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు. బిడ్డ పుడుతున్నా ఆటగాడు దగ్గర ఉండలేని రోజులుండేవి. 2011 నుంచి మాత్రమే అందుకోసం మూడు రోజుల వరకు సెలవు ఇచ్చే ఏర్పాటు నిబంధనల్లోకి వచ్చింది. లక్షల డాలర్ల జీతం ఉన్నంత మాత్రాన టైం కొనుక్కోలేరన్నమాట.

అయినా ఈ జీవితంలోనే ఎంతెంత చేసినవాళ్ళున్నారో చూడండి. డాక్టర్లు ముందుగా తెలుసుకోవలసిన పేరు బాబీ బ్రౌన్. న్యూయార్క్ యాంకీస్ టీంలో థర్డ్ బేస్ ఆడుతూనే టులేన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1950లో ఎం.డి. పుచ్చుకున్నాడు. 1947, 49, 50, 51లలో నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన టీంలో ఉన్నాడు. 1954లో, ఇంకా ముప్ఫై నిండకుండానే, ఆట మానేసి రెసిడెన్సీలో చేరాడు. తర్వాత టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో చాలా ఏళ్ళు గుండెజబ్బుల వైద్యుడిగా పనిచేసి, 1984లో అమెరికన్ లీగ్ ప్రెసిడెంటయ్యాడు. మన రెసిడెన్సీ కష్టాలు చెప్పుకునే ముందు ఈయన్ని తలుచుకోవడం మంచిది.

అదే యాంకీస్‌లో సెంటర్ ఫీల్డ్ ఆడిన బెర్నీ విలియమ్స్ గిటార్ వాయిస్తాడు. ఆట విరమించాక సంగీత కళాశాలలో చేరి 2016లో, నలభై ఏడేళ్ళ వయసులో డిగ్రీ తీసుకున్నాడు. "ఈ వయసులో వీణ ఏమిటి, కర్ణాటక సంగీతం ఏమిటి" అనుకునేవాళ్ళు గమనించాలి. ఇక మో బెర్గ్ అనే క్యాచర్ సంగతి చెబితే నమ్మరు. ప్రిన్స్‌టన్‌లో చదివిన భాషల్లో మన సంస్కృతం కూడా ఉంది. ఆడుతూనే కొలంబియాలో లా చదివాడు, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తరఫున గూఢచారిగా పనిచేశాడు. ఇన్ని భాషలొచ్చుగాని ఏ భాషలోనూ బంతి కొట్టలేడని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారట. అన్నీ ఒకరికే ఇవ్వడు కదా దేవుడు!

సరదాలకి ఎలాగో టైం చిక్కుతుంది. విమానంలో పుస్తకం చదువుకోవచ్చు, హోటల్ గదిలో గిటార్ వాయించుకోవచ్చు. పండుగ అలా కాదు. దానికి ఒక తిథి ఉంటుంది. అది మన వీలు చూసి రాదు. అసలు చిక్కంతా అక్కడే.

ఆదివారాలు ఆట ఉంటే క్రైస్తవ ఆటగాళ్ళు చర్చికి వెళ్ళేదెలా? ఈ ఇబ్బంది చూసి 1973లో ఒక డెట్రాయిట్ క్రీడావిలేఖరి చొరవ తీసుకోగా, స్టేడియంలోనే ప్రార్థన జరిపే పద్ధతి అన్ని టీంలకీ ఏర్పడింది. మన శనివారం సభ కూడా ఇలాంటి సర్దుబాటే. మంచిదే, కావలసిందే. కాని అన్నిటికీ సర్దుబాటు చాలదని చూపించినవాళ్ళు ఇద్దరున్నారు.

మొదటివాడు హ్యాంక్ గ్రీన్‌బర్గ్. 1934లో డెట్రాయిట్ టైగర్స్ లీగ్ గెలిచే ఊపులో ఉండగా యూదుల పండుగలు వచ్చాయి. వాళ్ళ ఉగాది అనదగ్గ రోష్ హషానా నాడు తర్జనభర్జన పడి ఆడాడు, రెండు హోం రన్లు కొట్టి 2-1తో గెలిపించాడు. పదోనాడు వచ్చే యోం కిప్పూర్‌కి మాత్రం ఆడలేదు. అది ఉపవాసంతో, ప్రాయశ్చిత్తంతో గడిపే రోజు, వాళ్ళకి అన్నిటికన్నా పవిత్రం. ఆ రోజు సినగాగ్‌కి వెళ్ళాడు. టీం ఓడింది, లీగ్ మాత్రం గెలిచింది.

రెండోవాడు శాండీ కోఫాక్స్. ఈ కథ మన మిన్నెసోటాలోనే జరిగింది. 1965 అక్టోబర్ 6న వరల్డ్ సిరీస్ మొదటి ఆట, మన ట్విన్స్‌కీ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కీ మధ్య. డాడ్జర్స్‌లో, ఆ మాటకొస్తే దేశంలోనే, మేటి పిచ్చర్ కోఫాక్స్. ఆ రోజు యోం కిప్పూర్ కావడంతో ఆయన ఆడలేదు. ఉపన్యాసాలివ్వలేదు, ఎవరినీ తప్పుపట్టలేదు. ఆయన బదులు దిగిన డ్రైస్‌డేల్‌ని ట్విన్స్ మూడో ఇన్నింగ్స్‌లోనే ఇంటికి పంపి 8-2తో గెలిచారు. మర్నాడు కోఫాక్స్ ఆడినా ఓడారు. కాని అయిదో ఆటలోనూ, రెండు రోజుల విశ్రాంతితోనే దిగిన ఏడో ఆటలోనూ ఆయన ఒక్క పరుగు ఇవ్వలేదు. సిరీస్ డాడ్జర్స్‌దే. ఆ స్టేడియం ఉన్నచోటే ఇప్పుడు మనం ఊరినుంచి వచ్చిన చుట్టాలని తీసుకెళ్ళే మాల్ ఆఫ్ అమెరికా ఉంది. లోపల పిల్లలు రైడ్లు ఎక్కే చోట నేలమీద హోం ప్లేట్ గుర్తుగా ఒక ఫలకం ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు దానిమీద అడుగువేసి వెళ్ళిపోకుండా పిల్లలకి ఈ కథ చెప్పండి.

యూదుల పంచాంగమూ మనలాగే చాంద్రమానం లెక్కలతో, అధికమాసంతో నడిచేదే. యోం కిప్పూర్ కూడా ఏటా వేరే తేదీన వస్తుంది. దాన్ని వాళ్ళు వీలుచూసుకుని శనివారానికి మార్చుకోలేదు. ఆ ఒక్క రోజు పనికి రాకపోయినందుకు కోఫాక్స్ విలువ తగ్గలేదు, పెరిగింది. మిగిలిన రోజుల్లో ఆయన పనికి ఎవరూ వంక పెట్టలేరు గనక!

నా అభిప్రాయం ఇదీ. బ్యాలెన్స్ అంటే అన్నిటికీ తలాకాస్త పంచిపెట్టడం కాదు. ఏడాదిలో ఏ ఒకటి రెండు రోజులు ఎవరికీ ఇవ్వమో ముందే నిర్ణయించుకుని, ఆ మాట ముందే చెప్పి, తక్కిన రోజుల్లో ఒళ్ళు దాచుకోకుండా పనిచేయడం. పిచ్చర్లకి వంతులున్నట్టే మా హాస్పిటల్లో డాక్టర్లకి డ్యూటీ రోస్టర్ ఉంటుంది. అది తయారయ్యే ముందే నేను పంచాంగం చూసి ఉగాది తేదీ ఇస్తాను, బదులుగా క్రిస్మస్ డ్యూటీ తీసుకుంటాను. నా పండుగ నాకు, వాళ్ళ పండుగ వాళ్ళకి, రోగులకి ఏ రోజూ లోటు లేదు. రోస్టర్ వేసేవాళ్ళకి ఇప్పుడు ఉగాది అనే మాట నోరు తిరుగుతుంది.

"మీరు సీనియర్లు, అడగగలరు. కొత్తగా హెచ్-1 మీద వచ్చినవాళ్ళ సంగతేమిటి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఉద్యోగుల మతాచారాలకి వీలైనంత వెసులుబాటు ఇవ్వాలని ఇక్కడి పౌరహక్కుల చట్టం చెబుతోంది. ఆదివారాలు పనిచేయలేనన్న ఒక పోస్టల్ ఉద్యోగి కేసులో 2023లో సుప్రీంకోర్టు ఆ హక్కుని ఇంకా గట్టిపరిచింది. అయినా వీసా భయం చట్టంతో పోదు, నిజమే. అందుకే ముందు అడగవలసింది స్థిరపడ్డ మనమే. మనం అడిగితే వెనక వచ్చేవాళ్ళకి దారి పడుతుంది. మనమే "ఫరవాలేదు లెండి, శనివారం చేసుకుంటాం" అంటే వాళ్ళు నోరెలా విప్పుతారు?

పిల్లల స్కూలుకీ అంతే. ముందుగా ఒక ఉత్తరం రాస్తే చాలు. పండుగ అంటే స్టేజి, మైకు, సమోసా అనుకునే పిల్లలు, ఆ రోజు అమ్మానాన్నా ఇద్దరూ పని మానుకుని ఇంట్లో ఉన్నారని చూస్తే, వేరే ఉపన్యాసం అక్కర్లేదు. మామిడాకులు దొరక్కపోవచ్చు, వేపపువ్వు ఫ్రీజర్లోది కావచ్చు. రోజు మాత్రం అసలుది అవుతుంది.

శనివారం సభకి తప్పకుండా వద్దాం. పులిహోర తిందాం, పిల్లల నాటకానికి చప్పట్లు కొడదాం. దానితోపాటు ఒక్క పండుగ, మీకు నచ్చినదేదైనా సరే, దాని తిథి నాడే చేసుకుందాం. ఈ సంచిక మూసే ముందు పంచాంగం తెరిచి ఆ తేదీ చూసుకోండి. సెలవు రేపే అడగండి.