మార్కుల్లేని పేజీ

పొద్దున్నే వాల్మీకిపురం బస్టాండులో మదనపల్లె బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లల్ని చూడండి. భుజాన బ్యాగు, చేతిలో టిఫిను డబ్బా, చంకలో ల్యాబ్ రికార్డు. సీటు దొరికితే మిగిలిపోయిన బొమ్మ ఒళ్లో పెట్టుకుని గీసేస్తారు. దొరక్కపోతే కమ్మీ పట్టుకుని ఇంటర్నల్స్ గురించి మాట్లాడుకుంటారు. ఇంటికి తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. అన్నం తిని కూర్చుంటే అసైన్‌మెంటు సిద్ధంగా ఉంటుంది.

ఈ పిల్లలు రాయడం లేదని ఎవరూ అనలేరు. సెమిస్టరు తిరిగేసరికి ఎన్ని దస్తాల కాగితాలు నిండుతాయో! కానీ ఆ రాతంతా ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు. ఎవరో దిద్ది మార్కులు వేయాల్సిన జవాబు. తమను తాము అడుక్కున్న ప్రశ్న ఒక్కటైనా అందులో ఉంటుందా?

చాలామంది పిల్లలకు ఒకప్పుడు ఆ అలవాటు ఉండేది. పదో తరగతిలో ఓ నోటు పుస్తకం పెట్టుకుని స్నేహితురాలితో గొడవ, నాయన తిట్టిన తిట్టు, వానకు కూలిన టమోటా ధర అన్నీ రాసుకున్నవారే. ఇంటర్‌తో అది వారానికోసారైంది. డిగ్రీకో ఇంజినీరింగుకో వచ్చేసరికి పుస్తకం అటకెక్కింది. ఎప్పుడైనా మళ్లీ తెరిచినా, ‘ఏమ్మా, ఇంకా పనుకోలేదా? పరీక్షలు పెట్టుకోని ఈ రాతలేంది?’ అని అమ్మ కేకేస్తుంది. ‘రెండు నిముషాలు మా’ అంటూనే మూసేస్తారు. అమ్మ భయం అమ్మది. ఆ సమయమేదో చదువుకు పెడితే నాలుగు మార్కులొస్తాయని.

మరి ఈ రాత నిజంగా చదువును తినేస్తుందా?

1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహ పరిశోధకురాలితో కలిసి కాలేజీ విద్యార్థులకు ఓ పని చెప్పారు. వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాయాలి. కొందరు మామూలు విషయాలు రాశారు. కొందరు తమను బాగా కలచివేసిన సంఘటనను, దాని వెనకున్న బాధతో సహా రాశారు. అలా రాసినవాళ్లకు రాసిన వెంటనే మనసు బరువెక్కింది. అయితే తర్వాతి ఆరు నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లాల్సిన అవసరం మాత్రం మిగతావారికంటే వాళ్లకే తక్కువ పడింది.

2011లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. పరీక్షకు ముందు పది నిమిషాలు, ఆ పరీక్ష గురించి మనసులో ఉన్న భయాలన్నీ కాగితం మీద పెట్టమన్నారు. పరీక్షంటే వణికిపోయే పిల్లలు అలా రాశాక మెరుగైన ఫలితాలు సాధించారు. కారణం కష్టమైందేమీ కాదు. లెక్క చేస్తున్నప్పుడు అంకెలను పట్టి ఉంచే చోటే బుర్రలో దిగులూ తిష్ఠ వేస్తుంది. దాన్ని కాగితం మీదికి దింపితే లెక్కకు చోటు దొరుకుతుంది. అమ్మ భయపడే ఆ పది నిమిషాలు వృథా పోవన్నమాట!

చదువే రాతకు ముడిసరుకైన సందర్భమూ ఉంది. చిత్తూరు పక్కన కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి 1899లో మద్రాసు క్రిస్టియన్ కళాశాల విద్యార్థి. కాలేజీలోని తెలుగు సమాజం కావ్యాల పోటీ పెట్టింది. ఆయన పురాణ కథ జోలికి పోలేదు. అనంతపురం ప్రాంతపు పాత చరిత్రలో చదివిన ఓ మామూలు ఇంటి కోడలి కథ ఎంచుకున్నారు. ఊరి చెరువు తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ అది. ఆ ‘ముసలమ్మ మరణం’ బహుమతి గెలిచింది, 1900లో అచ్చయింది. చదువూ ఆగలేదు. కేంబ్రిడ్జి దాకా వెళ్లొచ్చి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులయ్యారు. చదివిన పేజీని మూసేశాక కూడా దాని గురించి ఆలోచించడమే ఆయన చేసిన పని.

అందరూ కావ్యాలు రాయాలా? అక్కర్లేదు. అదెలాగో తెలియాలంటే వాల్మీకిపురం పిల్లలు దిగే మదనపల్లె ఉంది కదా, అక్కడ 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చూడాలి. లండన్‌లో మెట్రిక్యులేషన్ పరీక్ష ఒకటికి రెండుసార్లు తప్పిన మనిషి ఆయన. 1961 జూన్‌లో, అరవై ఆరేళ్ల వయసులో, ఉన్నట్టుండి రోజూ రాసుకోవడం మొదలుపెట్టారు. పెన్సిలుతో, దాదాపు కొట్టివేతలు లేకుండా. ఊళ్లు తిరుగుతూ, ప్రసంగాలు చేస్తూ, ఏడు నెలల్లో రాయని రోజులు పద్నాలుగు మాత్రమే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో ఉన్నప్పుడూ రాశారు. 1976లో అది ‘కృష్ణమూర్తీస్ నోట్‌బుక్’గా వచ్చింది.

అందులో ఆయన చాలాచోట్ల కంటికి కనిపించినదానితో మొదలుపెడతారు. కొండ, చెట్టు, వెలుగు. ఆలోచన ఆ తర్వాత వస్తుంది. కాలేజీ పిల్లలకు పనికొచ్చే కిటుకు ఇదే. ‘ఈ రోజు నా మనసు...’ అని మొదలుపెడితే పెన్ను కదలదు. ‘బస్సులో ముసలాయనకు ఎవరూ సీటివ్వలేదు. నేనూ ఇవ్వలేదు’ అని రాస్తే చాలు. రెండో వాక్యం దగ్గరే అసలు ప్రశ్న పుడుతుంది.

ఇంకొన్ని జాగ్రత్తలు చూద్దాం. సమయం పదే నిమిషాలు. నిద్రకు ముందు కుదరకపోతే మధ్యాహ్నం డబ్బా తిన్నాక. పరీక్షల వారంలో రెండు వాక్యాలు చాలు. వారం తప్పిపోతే ఆ వారమంతా గుర్తు తెచ్చుకుని పూడ్చొద్దు. అలా చేస్తే డైరీ కూడా ఇంకో రికార్డు అయి కూర్చుంటుంది. ఫోను పక్క గదిలో పెట్టి కాగితం మీద రాస్తే మంచిది. రాసింది స్టేటస్‌లో పెట్టాలన్న ఆలోచన వచ్చిందంటే మళ్లీ మార్కుల కోసం రాస్తున్నట్టే.

రాత అన్నిటికీ మందు కాదు. ఒకే దిగులు రోజుల తరబడి పేజీల్లోకి వస్తుంటే పుస్తకం మూసి మనిషితో మాట్లాడాలి. ఇంట్లోవారితో, లెక్చరర్‌తో. లేదంటే ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉంది, నంబరు 14416.

ఇక పెద్దలకు ఒక్క మాట. పిల్లల గదిలో ఆ నోటు పుస్తకం కనిపిస్తే తెరవకండి. ఒక్కసారి ఎవరో చదివారని తెలిస్తే ఆ పిల్ల మర్నాటి నుంచి మీకోసం రాస్తుంది, తనకోసం రాయదు. రాత్రి లైటు వెలుగుతుంటే గుమ్మం దగ్గర ఆగి, పది నిమిషాలు ఓపిక పట్టి, ఆ తర్వాతే ‘పనుకో తల్లీ’ అనండి.

నాలుగేళ్ల తర్వాత రికార్డులన్నీ పాత కాగితాల దుకాణానికి పోతాయి. ఆ ఒక్క పుస్తకం మాత్రం ఆమె వెంటే వెళ్తుంది.