గిన్నెకూ కళాయి, పలకకూ కళాయి

పిల్లలూ, హిందూపురం చింతపండు మార్కెట్టుకు పెట్టింది పేరు గదా! ఆ చింతపండుతోనే ఒక చిన్న ప్రయోగం చేద్దాం. నల్లబడిన రాగి చెంబు ఒకటి తీసుకొని, నానిన చింతపండుతో సగం మాత్రం తోమి కడగండి. తోమిన సగం తళతళ మెరుస్తుంది. మిగతా సగం నల్లగానే ఉంటుంది.

దీనికి కారణమేమిటి? గాలిలోని ప్రాణవాయువు తగిలి రాగిమీద నల్లని పొర ఏర్పడుతుంది. చింతపండులోని పులుపు ఆ పొరను కరిగించివేస్తుంది. చెంబు తోమడానికి ఇది మంచిదే. కాని రాగి గిన్నెలోనో, ఇత్తడి గిన్నెలోనో పులుసు కాస్తే, కరిగిన రాగి పులుసులో చేరుతుంది. అది తిన్నవారికి వికారమూ, వాంతులూ కలుగుతాయి. అందుచేతనే వెనుకటివారు గిన్నె లోపల తగరపు పూత వేయించేవారు. అదే కళాయి.

కళాయి ఎలా వేసేవారో మీ అవ్వను అడగండి. హిందూపురమైనా, పెనుకొండ అయినా, ధర్మవరమైనా పద్ధతి ఒకటే. గిన్నెను బాగా తోమి, బొగ్గుల కొలిమిమీద కాచి, నవాసాగరం పొడి చల్లుతారు. గుప్పున తెల్లని పొగ లేస్తుంది. వెంటనే తగరపు కడ్డీ తాకించి, కరిగిన తగరాన్ని దూదితో గిన్నె అంతటా రుద్దుతారు. నల్లపొర ఉన్నచోట తగరం అంటదు. చెంబుమీద చింతపండు చేసిన పనినే, ఆ వేడిలో నవాసాగరం చేస్తుందన్నమాట.

ఇప్పుడు మరొక కళాయి చూద్దాం. పెనుకొండ దగ్గర యెర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఈ కాలపు కార్లలోనూ, రేడియోలోనూ, ఫోనులోనూ సర్క్యూట్ పలకలుంటాయి. పలకమీద తీగలకు బదులు రాగి గీతలుంటాయి. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే, ఆ రాగి మందం సాధారణంగా 35 భాగాలే!

ఇలాంటి పలకను ఇంట్లోనే తయారుచేసుకొనేవారు కూడా ఉన్నారు. వారూ రాగి గీతలకు కళాయి వేస్తారు. లేకపోతే గీతలు నల్లబడి, తరువాత టంకం సరిగా అంటదు. ముందు సన్నని గరుకు కాగితంతో గీతలను రుద్దుతారు. నవాసాగరం ఇక్కడ పనికిరాదు. పలకమీద మిగిలిపోతే అంత పలుచని రాగిని తినివేస్తుంది. దానికి బదులు పైన్ చెట్టు బంకనుంచి తీసిన రోజిన్ పూస్తారు. వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్‌తో కొంచెం టంకం తీసుకొని, గీత వెంబడి లాగుతారు. ఒకేచోట ఎక్కువసేపు నిలిపితే రాగి పలకనుంచి ఊడివస్తుంది.

ఒక సంగతి మాత్రం మరువకండి. తగరం కరగడానికి 232 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. నూటికి 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిపిన టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే అది అంతగా వాడుకలోకి వచ్చింది. కాని సీసం విషం. పిల్లల మెదడుకు మరీ హాని. యూరోపియన్ యూనియన్ 2006 జూలై 1 నుంచి చాలా ఎలక్ట్రానిక్ వస్తువులలో దానిని నిషేధించింది. సీసం లేని టంకం కూడా దొరుకుతుంది, అదే కొనండి. సీసం కలిసిన టంకాన్ని వంటపాత్రకు ఎన్నడూ తాకించరాదు. పలకకు కళాయి వేసేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, కిటికీలు తెరచి ఉండాలి, పొగ పీల్చరాదు. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

అన్నట్టు, ఆ చెంబులో మిగిలిన సగం కూడా తోమి అమ్మకివ్వండి!