చదవని సంతకం

ఈ టపా కొంచెం పొడుగు. ఓపిక చేసుకొని చదవగోరుతాను.

ముప్పైనాలుగేళ్ళ పాటు బడిలో తెలుగు చెప్పాను. పదవ తరగతి పిల్లలకు లేఖారచన పాఠం వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పక చెప్పేవాడిని: "చదవని కాగితం మీద చేవ్రాలు చేయకండిరా" అని. అంతటివాణ్ణి, రెండేళ్ళ క్రితం ఒక ఆసుపత్రి మంచం మీద కూర్చుని, నాలుగు పుటల ఆంగ్ల పత్రం మీద, ఒక్క వాక్యమైనా చదవకుండా, నర్సమ్మ వేలుపెట్టి చూపినచోటల్లా సంతకం చేశాను. "ఇందులో ఏముందమ్మా?" అని అడగకపోలేదు. "ఏం లేదు మాస్టారూ, అందరూ పెట్టేదే" అన్నది. ఆ మాటతో తృప్తి పడ్డాను. నా శిష్యులెవరైనా చూసి ఉంటే నవ్వుకొని ఉండేవారు.

అది అకస్మాత్తుగా వచ్చిపడిన ఆపద కాదు. పిత్తాశయంలో రాళ్ళున్నాయని స్కానింగులో తేలింది. భోజనమైన గంటకు కుడి డొక్కలో మెలిపెట్టినట్లు నొప్పి వచ్చేది. శస్త్రచికిత్స చేయించుకోవడం మేలన్నారు. తొందర లేదు గనుక పంచాంగం చూసుకొని, పిల్లల సెలవులు చూసుకొని, దినం మేమే నిర్ణయించుకున్నాము. నడుమ మూడు వారాల వ్యవధి ఉంది. నాకూ ఉంది, వైద్యులకూ ఉంది. ప్రమాదంలో స్పృహ తప్పినవాడిని పత్రం చదివి సంతకం చేయమనడం అవివేకమే. కాని తిథివారనక్షత్రాలు చూసుకొని వచ్చినవాడికి విషయం వివరించడానికి వేళ చాలలేదనడం ఒప్పదగిన మాట కాదు.

ఆ మూడు వారాలలో చేయవలసినవన్నీ సక్రమంగానే చేశారు. రక్తపరీక్షలు, ఈసీజీ, ఛాతీకి ఎక్స్‌రే అయినాయి. మత్తు ఇచ్చే వైద్యుడు వచ్చి ఏ మందులు వాడుతున్నారు, రక్తం పలచబడే మాత్రలేమైనా ఉన్నాయా, ఇదివరకు మత్తు పడకపోవడం జరిగిందా అని అడిగాడు. నోరు తెరిపించి పళ్ళు కదిపి చూశాడు. నా పళ్ళతో ఈయనకేమి పని అనుకున్నాను. గొంతులోకి గొట్టం వేసేటప్పుడు కదిలే పన్ను ఊడి ఊపిరిదారిలో పడకూడదని ఆ జాగ్రత్త. ఈ సంగతి నాకు తెలిసింది ఇంటికి వచ్చిన తరువాత.

రాత్రి భోజనం అయిన తరువాత మరేమీ తినవద్దన్నారు. కారణం చెప్పలేదు. నా పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు. తెల్లవారుజామున కూతురు ప్రేమకొద్దీ తెచ్చిన రెండు ఇడ్లీలు తిన్నాడు. సంగతి బయటపడి ఆయన ఆపరేషను ఆనాడు వాయిదా పడింది. "ఇడ్లీయే గదమ్మా, అన్నం కాదుగా" అని ఆయన నర్సమ్మను బతిమాలుకోవడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మత్తులో ఉన్నవాడికి దగ్గే శక్తి ఉండదనీ, కడుపులోనిది ఎగదన్ని ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయమనీ ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన ఆ ఇడ్లీ ముట్టుకునేవాడా? నిషేధం చెప్పారు, హేతువు చెప్పలేదు. హేతువు తెలియని నిషేధాన్ని మనిషి తనకు తోచినట్లు సవరించుకుంటాడు. ఇది బడిలో పిల్లల దగ్గర నేను నేర్చుకున్న పాఠం.

ఆపరేషను గదిలోకి తీసుకుపోయే లోపల ముగ్గురు ముమ్మారు నా పేరు అడిగారు, ఏ ఆపరేషను అని అడిగారు. చేతికి పట్టీ మీద పేరుండగా మళ్ళీ మళ్ళీ అడగడమేమిటి, ఎవరికి చేస్తున్నారో వీళ్ళకే తెలియదా అని నాకు గుండె దడ పుట్టింది. నిజానికి అది నా క్షేమం కోసమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో పందొమ్మిది అంశాల పట్టిక ఒకటి ప్రకటించింది. మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, రోగిని గది దాటించకముందు ఆ అంశాలను పైకి చదివి సరిచూసుకోవాలి. ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆసుపత్రులలో దానిని అమలు చేసి చూస్తే ఆపరేషను తరువాతి మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఆ ఎనిమిదింటిలో ఒకటి మన ఢిల్లీలోనిది. చూడండి, నన్ను కాపాడడానికి అడిగిన ప్రశ్నే నన్ను భయపెట్టింది. ఎందుకు అడుగుతున్నారో చెప్పకపోవడమే దానికి కారణం.

ఇక అసలు విషయానికి వస్తాను. నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి పని ముగిస్తామనీ, మరునాడే ఇంటికి పంపుతామనీ మాకు చెప్పారు. మా ఆవిడ బయట కుర్చీలో కూర్చుని ఉన్నది. గంటన్నర దాటింది. ఎవరో వచ్చి, "లోపల అతుక్కుపోయి ఉందమ్మా, ఓపెన్ చేయాల్సి వస్తోంది, ఇక్కడ సంతకం పెట్టండి" అని కాగితం చేతికిచ్చారు. ఆమె ఆ కాగితం వంక చూడలేదు. "ఆయన ఉన్నారా?" అని అడిగింది. ఆ రెండు పదాల ప్రశ్న ఆమె నోట ఎట్లా వచ్చి ఉంటుందో తలచుకుంటే ఈనాటికీ నాకు కళ్ళు చెమరుస్తాయి. ఉన్నారని చెబితే వణికే చేత్తో సంతకం చేసింది. ఆ తరువాత మరి రెండు గంటలు, నేను పోయినానని మనసులో ఖాయం చేసుకొని కూర్చున్నది.

నేను పోలేదు. అయిదారు రోజులుండి ఇంటికి వచ్చాను. కాస్త కోలుకున్నాక ఆసుపత్రి కాగితాలు ముందేసుకొని, నిఘంటువు పక్కన పెట్టుకొని, నేను సంతకం చేసిన పత్రం మొదటిసారి చదివాను. రంధ్రాల ద్వారా చేయడం సాధ్యం కానప్పుడు పొట్ట కోసి చేయవలసి రావచ్చునని మూడవ పుటలో ఉన్నది. స్పష్టంగా ఉన్నది. దాని కిందనే నా సంతకం, గుండ్రని అక్షరాలతో, తెలుగులో ఉన్నది.

ఇక్కడ ఒక మాట విస్పష్టంగా చెప్పాలి. వైద్యుని పట్ల నాకు ఏ ఫిర్యాదూ లేదు. లోపల వాపు వల్ల ఏది నాళమో ఏది కాదో తెలియనప్పుడు, పట్టుదలకు పోయి రంధ్రాలలో నుంచే పని సాగిస్తే పైత్యనాళం తెగవచ్చు. తెగితే ఆ కష్టం ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. పొట్ట కోయాలని నిర్ణయించడం ఓటమి కాదు, వివేకం. ఆ వివేకమే నన్ను కాపాడింది. నా బాధ అది కాదు. అందులోని ప్రతి సంగతీ వారికి తెలుసు, పత్రంలో ఉంది, నా సంతకమూ ఉంది. మాకు మాత్రం తెలియదు. నా సంతకం ముందే ఉండగా మా ఆవిడను మళ్ళీ ఎందుకు పిలిచారు? నేను తెలిసి సంతకం చేయలేదని వారికీ తెలుసు గనుక.

సంస్కృతం చదువుకున్న మిత్రులకు సుశ్రుతసంహితలో అశ్మరీ చికిత్స జ్ఞాపకం వస్తుంది. మూత్రాశయంలోని రాయిని శస్త్రంతో తీయడం సంశయాస్పదమైన పని గనుక, వైద్యుడు ముందుగా ప్రభువు అనుమతి తీసుకొని చేయాలని అక్కడ చెప్పారు. అనుమతి అనే భావన మనకు కొత్తది కాదన్నమాట. అయితే అడిగింది ప్రభువును, రోగిని కాదు. ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళిలో శస్త్రచికిత్సకు ముందు ఎవరి లిఖితానుమతి తీసుకోవాలో చెప్పే నియమం చూడండి. భర్త లేక భార్య అని మొదలై, మైనరైతే తల్లిదండ్రులు, సంరక్షకులు అని సాగి, చిట్టచివర రోగి వస్తాడు.

ఈ క్రమాన్ని సరిదిద్దినది సుప్రీంకోర్టు. పరీక్ష కోసమని మత్తు పుచ్చుకున్న ఒక స్త్రీకి, ఆమె మత్తులో ఉండగానే తల్లి చేత సంతకం చేయించి గర్భసంచిని, అండాశయాలను తీసివేసిన వ్యవహారంలో 2008 జనవరి 16న తీర్పు వచ్చింది. వయసు వచ్చి, తెలివిగల మనిషికి బదులు తల్లి అనుమతి చెల్లదన్నది కోర్టు. పరీక్షకు ఇచ్చిన అనుమతి చికిత్సకు అనుమతి కాదన్నది. ప్రాణం కాపాడడానికో, ఆరోగ్యం నిలపడానికో ఆలస్యం చేయరాని స్థితిలో మాత్రమే మినహాయింపు ఇచ్చింది. చేయబోయేది ఏమిటి, ఎందుకు, ప్రయోజనమేమి, వేరే మార్గమున్నదా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అనేవి రోగికి తెలియజేసి తీసుకున్నదే అనుమతి అని తేల్చింది. తెలియజేయడమంటే రోగికి వచ్చిన భాషలోనే గదా? రాని భాషలో తెలియజేయడం అనేది వదతోవ్యాఘాతం.

దీనికి వైద్యులు చెప్పే సమాధానాలు నేను ఎరుగుదును. నా శిష్యులలోనూ వైద్యులున్నారు. "అన్నీ చెబితే జనం భయపడి పారిపోతారు మాస్టారూ" అన్నాడు ఒకడు. అవును, కొందరు భయపడతారు. కాని మా ఆవిడ భయపడినది చెప్పడం వల్ల కాదు, చెప్పకపోవడం వల్ల. ముందు చెప్పే మాటకు జవాబు ఉంటుంది, ధైర్యం చెప్పేవారుంటారు. నడుమ వచ్చి చెప్పే మాటకు ఏడుపు తప్ప మరేమీ మిగలదు. "రోజుకు అరవైమందిని చూడాలి, తీరికెక్కడిది?" అన్నాడు మరొకడు. అందుకే కాగితం ఉన్నది. ముందే ఇంటికి ఇచ్చి పంపితే కుటుంబమంతా చదువుకొని వస్తారు, వైద్యుని కాలమూ కలిసివస్తుంది.

మూడవ సమాధానం నన్ను నిరుత్తరుణ్ణి చేసింది. "తెలుగులో వ్రాస్తే మాత్రం ఎవరికి అర్థమవుతుంది?" అన్నాడు. ఇక్కడ దోషం మా పండితులది. మాకు అప్పగిస్తే 'పిత్తాశయోచ్ఛేదనము' అని వ్రాస్తాము. రోగి ఆంగ్లమే నయమనుకుంటాడు. మాంసం కొట్టే దుకాణంలో 'చేదుకట్టు' అని చక్కని మాట ఉన్నది. దానిని మేము తెలుగుగా లెక్కించలేదు. శాస్త్రానికి సంస్కృతమే తగినదన్న అహంకారంతో జనం నోటి మాటలను వెలివేశాము. ఆసుపత్రి పత్రంలో తెలుగు లేకపోవడంలో మా పాలు కూడా ఉన్నది.

ప్రాయశ్చిత్తంగా, నాకు దక్కవలసిన కాగితం ఎట్లా ఉండి ఉంటే బాగుండేదో వ్రాసి చూశాను:

"మీ చేదుకట్టులో రాళ్ళున్నాయి. రాళ్ళు మాత్రమే తీస్తే మళ్ళీ వస్తాయి గనుక చేదుకట్టునే తీసివేస్తాము. అది లేకపోయినా అన్నం అరుగుతుంది. మీకు పూర్తి మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేస్తాము. తరువాత ఒకటి రెండు రోజులు గొంతు నొప్పిగా ఉండవచ్చు. పొట్టలోకి గాలి నింపి, నాలుగు చిన్న రంధ్రాల గుండా పని చేస్తాము. ఆ గాలి వల్ల భుజం నొప్పి పుట్టవచ్చు. తగ్గకపోతే చెప్పండి. లోపల అతుక్కుపోయి ఉంటే రంధ్రాలలో నుంచి చేయడం క్షేమం కాదు. అప్పుడు పొట్ట కోసి చేస్తాము. అంటే మీ ప్రాణం మీదికి వచ్చిందని అర్థం కాదు. మరికొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది. అరుదుగా రక్తం పోవడం, చీము పట్టడం, పైత్యనాళానికి దెబ్బ తగలడం జరగవచ్చు. చేయించుకోకపోతే నొప్పి తిరిగి రావచ్చు. కామెర్లు, క్లోమం వాపు రావచ్చు. మీకు సందేహముంటే అడగండి. అడిగిన తరువాతనే సంతకం చేయండి."

ఇంతే. ఒక పుట దాటలేదు. వైద్యమిత్రుడొకరికి చూపించాను. ఒక మాట దిద్ది, తక్కినదంతా సరిగానే ఉన్నదన్నాడు. ఇందులో అయిదవ తరగతి చదివినవాడికి అర్థం కాని మాట లేదు. చదువు రానివారికి ఎవరైనా చదివి వినిపించవచ్చు.

మీలో ఎవరికైనా, మీ ఇంటివారికైనా ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషను ఉంటే, దయచేసి ఒక పని చేయండి. అనుమతి పత్రం ఆనాటి ఉదయం మంచం మీద కాదు, వారం ముందు ఇంటికి ఇమ్మని అడగండి. తెలుగులో లేకపోతే మీరే ఇంటిల్లిపాదికీ తెలుగులో చదివి చెప్పండి. అనుకున్నది సాగకపోతే ఏం చేస్తారని వైద్యుణ్ణి అడగండి, బయట కూర్చునేవారు కూడా ఆ జవాబు వినేట్టు అడగండి. అడిగితే వైద్యునికి కోపం వస్తుందన్న జంకు నాకూ ఉండేది. అడగక మౌనంగా ఉన్నందుకు శిక్ష అనుభవించినది నేను కాదు. నేను మత్తులో ఉన్నాను. అనుభవించినది బయట కుర్చీలో కూర్చున్న మనిషి.

ఇక్కడ వ్రాసే మిత్రులలో ఇంటికొక వైద్యుడో, వైద్యవిద్యార్థో ఉండకపోరు. ఒక్కొక్క ఆపరేషనుకు ఒక్కొక్క పుట చొప్పున, జనం మాట్లాడే తెలుగులో, వారి చేత చెప్పించి మనం వ్రాసిపెడదామా? మోకీలు మార్పిడి, కంటి శుక్లం, గర్భసంచి, హెర్నియా... పది పుటలతో మొదలుపెట్టవచ్చు. వైద్యుడు సరి అన్నాకనే బయటికి ఇద్దాము. అక్షరదోషాలు దిద్దే పని నాది. కఠినపదాలు నా కలం నుండి జారితే నిర్మొహమాటంగా కొట్టివేసే పని మీది.

స్వస్తి.